ఒక పట్టికకు ఎన్ని జవాబులు? గణాంక ప్యాకేజీలపై ఒక విమర్శ

పరిగి అను పేరుగల ఊళ్లు తెలుగునాట రెండు ప్రసిద్ధములై ఉన్నవి. ఒకటి హిందూపురమునకు సమీపమున, కర్ణాటక సరిహద్దు దాపున ఉన్నది. పూర్వము అది అనంతపురము జిల్లాలో ఉండెడిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. రెండవది తెలంగాణమున వికారాబాదు జిల్లాలో ఉన్నది. "పరిగిలో ఏటా ఎంత వాన కురియును?" అని ఇద్దరిని అడిగినచో రెండు వేరువేరు అంకెలు రావచ్చును. అంతమాత్రమున ఆ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడినారని మనము అనము. ఏ పరిగియో చెప్పకుండుటలో లోపమున్నది గాని జవాబులలో లేదు.

గణాంకశాస్త్రమున ఇట్టి పేర్లు పెక్కు కలవు. క్రమవిచలనము ఒకటి, చతుర్థాంశము మరొకటి. పేరు ఒక్కటే, దాని వెనుకనున్న సూత్రములు అనేకములు. కాగితముమీద లెక్క చేయు కాలమున సూత్రమును మనమే వ్రాసికొనెడివారము గనుక, ఏ సూత్రము వాడితిమో మనకు తెలిసియుండెడిది. నేడు కంప్యూటరుకు పేరు మాత్రము అందించుచున్నాము. అది జవాబు మాత్రము మనకు అందించుచున్నది. నడుమనున్న సూత్రము కంటికి కనబడదు. అందుచేత నల్లబల్లమీద ఉపాధ్యాయుడు చేసిన లెక్కకును, అదే పట్టికను కంప్యూటరులో వేసిన విద్యార్థి జవాబునకును పొత్తు కుదరదు. "అయ్యా, ఏది సరి?" అని విద్యార్థి అడుగును.

ఈ ప్రశ్నకు "కంప్యూటరే సరి" అనుట ఒక తప్పు. "చేతిలెక్కయే సరి" అనుట మరియొక తప్పు. జవాబుల భేదములు అన్నియు ఒకే జాతివి కావు. కొన్ని నిర్వచనములలోని భేదములు. కొన్ని నిజముగా తప్పులు. మరికొన్ని చూపునకు భేదములేగాని లోపల ఒక్కటే. ఈ మూడింటిని వేరు చేసి, ప్యాకేజీలు చేయువారి లోపమెంతయో, మన లోపమెంతయో నిర్ణయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పది సంవత్సరముల పంట

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వానకరవునకు పేరుపడినవి. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ ఇక్కడ వానను నమ్ముకొన్న పంట. అందుచేత ఒక యేటి దిగుబడికిని మరుసటి యేటి దిగుబడికిని పొంతన ఉండదు.

పరిగివంటి ఒక గ్రామమున పది సంవత్సరముల వేరుసెనగ దిగుబడి, హెక్టారుకు కిలోగ్రాములలో, ఈ విధముగా ఉన్నదని ఊహించుకొందము. చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా పేర్చినచో అంకెలు ఇవి: 320, 420, 500, 560, 600, 640, 700, 760, 840, 960.

మొత్తము 6,300, సగటు 630. ఇంతవరకు ఏ ప్యాకేజికిని తగవు లేదు. ప్రతి అంకెనుండి 630 తీసివేసి, వచ్చిన విచలనములను వర్గించి కూడినచో 3,37,800 వచ్చును. ఇక్కడను తగవు లేదు. ఈ మొత్తమును దేనితో భాగించవలెను అనుచోట దారి రెండుగా చీలినది.

పాఠశాలలోను, ఇంటర్మీడియట్ గణితమునందును మనము అంకెల సంఖ్యతోనే, అనగా 10 తో, భాగింతుము. విస్తృతి 33,780, దాని వర్గమూలమైన క్రమవిచలనము 183.8. సగటులో శాతముగా చెప్పినచో విచలనాంకము 29.2. 'ఆర్' అను ప్యాకేజి అడుగకయే 9 తో భాగించును. అప్పుడు క్రమవిచలనము 193.7, విచలనాంకము 30.8. ఎక్సెలులో రెండు సూత్రములును ఉన్నవి. 2010 నాటి కూర్పునుండి వాటి పేర్ల చివర 'ఎస్' అనియు 'పి' అనియు గుర్తులు పెట్టినారు. 'ఎస్' గుర్తుగలది 9 తోను, 'పి' గుర్తుగలది 10 తోను భాగించును. పైథాన్ భాషలో వాడు 'నంపై' ఏమియు చెప్పనిచో 10 తో భాగించును. దానికి తోడుగా వాడు 'పాండాస్' 9 తో భాగించును. ఒకే విద్యార్థి, ఒకే కంప్యూటరుమీద, ఒకే పూటలో రెండు జవాబులను పొందవచ్చును.

రెండింటికిని కారణము కలదు. ఈ పది సంవత్సరములను గూర్చి మాత్రమే చెప్పదలచినచో అవియే మన సమష్టి; 10 తో భాగించుట న్యాయము. ఈ పదింటిని ఆ గ్రామపు దీర్ఘకాల స్వభావమునకు ప్రతిరూపముగా తీసికొని, రాబోవు సంవత్సరములను గూర్చి ఊహింపదలచినచో 9 తో భాగించుట మేలు. ఏలయనగా, విచలనములను మనము నిజమైన దీర్ఘకాలపు సగటునుండి కొలువలేదు. ఈ పది అంకెలనుండియే పుట్టిన సగటునుండి కొలిచితిమి. పది విచలనముల మొత్తము సున్న అయి తీరవలెను గనుక, తొమ్మిది తెలిసినచో పదవది తానే తెలియును. స్వేచ్ఛగా ఉన్నవి తొమ్మిదే.

ఒకటిన్నర అంకె విలువ

29.2 కును 30.8 కును భేదమెంత? ఒకటిన్నర అంకె. ఇంత చిన్నదానికి ఇంత చర్చ ఎందులకని కొందరు అడుగవచ్చును. రైతు పక్షమునుండి చూడుడు.

1999-2000 రబీనుండి మన దేశమున జాతీయ వ్యవసాయ బీమా పథకము నడచినది. 2016 లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన దాని స్థానమును ఆక్రమించినది. ఆ పాత పథకమున ప్రాంతములను పదేండ్ల దిగుబడుల విచలనాంకమునుబట్టి మూడు తరగతులుగా విభజించినారు. అపాయము తక్కువైనచోట సగటు దిగుబడిలో 90 శాతమునకు, మధ్యమమైనచోట 80 శాతమునకు, అధికమైనచోట 60 శాతమునకు మాత్రమే పూచీ ఉండెడిది. పూచీపడిన దిగుబడికంటె ఆ యేటి పంట ఎంత తగ్గినదో, ఆ నిష్పత్తిలో బీమా సొమ్ము ఇచ్చెడివారు. సగటును కట్టుటకు ఆ పథకమున వేరు నియమములు కలవు. లెక్క సులభముగా ఉండుటకై మనము 630 నే ఉంచుకొందము. మధ్యమ, అధిక తరగతులకు నడుమ హద్దు విచలనాంకము 30 అని ఉదాహరణకొరకు అనుకొందము.

10 తో భాగించినవానికి గ్రామము 30 కి లోపల ఉన్నది. పూచీ 630 లో 80 శాతము, అనగా 504 కిలోలు. ఈ యేడు పంట 420 కిలోలే వచ్చినదనుకొందము. తరుగు 84, అది 504 లో ఆరవ వంతు. రైతు 30,000 రూపాయలకు బీమా చేసియున్నచో 5,000 రూపాయలు చేతికి వచ్చును.

9 తో భాగించినవానికి అదే గ్రామము 30 దాటినది. పూచీ 60 శాతము, అనగా 378 కిలోలు. పంట 420 వచ్చినది గనుక తరుగే లేదు. రైతునకు దక్కునది సున్న.

చేను అదే, పంట అదే, వాన అదే. భాజకమొక్కటి మారినది. "విచలనాంకమునుబట్టి" అని మాత్రము వ్రాసి ఊరకున్న నియమము రెండు విధముల చదువబడును. ఏ సూత్రముతో అని ఒక్క పంక్తి చేర్చినచో ఒకే విధముగా చదువబడును.

మరియొక సంగతియు గమనింపదగినది. పది అంకెలనుండి కట్టిన విచలనాంకమే అంత గట్టిది కాదు. దిగుబడులు సామాన్య విభాజనమును అనుసరించుననుకొని లెక్కించినచో, మన ఉదాహరణలో దాని ప్రామాణిక దోషము సుమారు ఏడెనిమిది అంకెలు. అనగా వేరొక పదేండ్లు తీసికొన్నచో విచలనాంకము 23 కావచ్చును, 38 కావచ్చును. ప్యాకేజీల నడుమ భేదము ఒకటిన్నర; అంకెలలోనే ఉన్న అనిశ్చయము దానికి అయిదు రెట్లు. కాబట్టి ఇక్కడ భాజకమునకంటె ఎక్కువగా నిందింపదగినది ఇంత మెత్తని అంకెమీద కత్తివాదరవంటి హద్దును గీచుట. ప్యాకేజీల తగవే లేకున్నచో ఈ లోపము మన కంటబడకయే పోవును.

చతుర్థాంశముల తగవు

క్రమవిచలనమునకు దారులు రెండే. చతుర్థాంశమునకు అంతకంటె ఎక్కువ కలవు. మన పది దిగుబడులకు మధ్యగతము 620. ఇందు అందరును ఏకీభవింతురు. మొదటి చతుర్థాంశమును కట్టి చూడుడు.

పట్టికను రెండు సగములు చేసి క్రింది సగమునకు మధ్యగతమును తీసికొన్నచో 500 వచ్చును. ఎస్.ఏ.ఎస్. అను ప్యాకేజియు, ఏమియు చెప్పనిచో, 500 అనియే అనును. 'ఆర్' 515 అనును; ఎక్సెలులోని 'ఇన్‌క్' సూత్రమును అంతే. ఎక్సెలులోని 'ఎక్స్‌క్' సూత్రము 480 అనును, మినీట్యాబ్, ఎస్.పి.ఎస్.ఎస్. అను ప్యాకేజీలును అదే త్రోవ పట్టును.

ఇందులో ఏదియు కూడికలోని తప్పు కాదు. పదింటిలో నాల్గవ వంతు రెండున్నర. రెండవ అంకె 420, మూడవ అంకె 500. రెండున్నరవ అంకె అనునది పట్టికలో లేదు. లేనిదానిని ఊహించుటకు ప్రతివాడును ఒక స్థానమును ఎంచుకొనినాడు. 'ఆర్' మొదటి అంకెకును పదవ అంకెకును నడుమ తొమ్మిది అంతరములు గలవని తలచి, వానిలో నాల్గవ వంతు నడచి 3.25 వ స్థానమును చేరినది. 500 కు 60 లో నాల్గవ వంతు కలిపి 515 అన్నది. మినీట్యాబ్ 11 లో నాల్గవ వంతైన 2.75 వ స్థానమును ఎంచుకొని, 420 కి 80 లో ముప్పాతిక కలిపి 480 అన్నది.

రాబ్ హైండ్‌మన్, యానన్ ఫాన్ అను ఇద్దరు గణాంకశాస్త్రజ్ఞులు 1996 లో 'ది అమెరికన్ స్టాటిస్టీషియన్' పత్రికలో ప్యాకేజీలలో వాడుకలోనున్న ఇట్టి సూత్రములను పరిశీలించి తొమ్మిదింటిని వరుసపెట్టి చూపినారు. వాటి గుణదోషములను తూచి, ఎనిమిదవదానిని అందరును అనుసరించుట మేలని సూచించినారు. దాని ప్రకారము మన జవాబు 493.3. ఆ వ్యాసపు సేవ గొప్పది. అంతవరకు "యంత్రములు పోట్లాడుకొనుచున్నవి" అను చికాకుగా ఉన్న దానిని, ఆ ఇద్దరు పేర్లుగల తొమ్మిది నిర్వచనములుగా విడదీసినారు. అయినను వారు కోరిన ఐకమత్యము రాలేదు. 'ఆర్' తొమ్మిదింటిని అందుబాటులో ఉంచినదేగాని, అడుగకయే ఇచ్చుటకు ఏడవదానినే నిలుపుకొన్నది. పాత జవాబులు మారునను భయము ఒక ప్యాకేజిని తన అలవాటునకు కట్టివేయును. ఒకసారి లక్షలమంది వాడిన సూత్రమును, మంచిది దొరికినను, మార్చుట కష్టము.

ఇచ్చట ఒక ఊరట కలదు. అంకెలు పదికి మారుగా పదివేలున్నచో, ఇరుగుపొరుగు అంకెల నడుమ సందు సామాన్యముగా చిన్నదగును గనుక ఈ తొమ్మిది జవాబులును దాదాపు ఒకచోట చేరును. తగవు చిన్న పట్టికలది. అయితే బడిలో వచ్చు పట్టికలన్నియు చిన్నవే!

నిజముగా తప్పైన జవాబులు

ఇంతవరకు చెప్పినవి నిర్వచనభేదములు. అన్ని భేదములును ఇట్టివే అని సమాధానపడుట ప్రమాదకరము. కంప్యూటరు నిజముగా తప్పు చేయుటయు కలదు.

విస్తృతికి పుస్తకములలో ఒక దగ్గరి దారి చెప్పుదురు: వర్గముల మొత్తమునుండి, మొత్తపు వర్గమును సంఖ్యతో భాగించి తీసివేయుట. బీజగణితమున ఇది నిర్దుష్టము. ఎనిమిది అంకెలను మాత్రమే నిలుపుకొను ఒక లెక్కల యంత్రమును ఊహించుకొని 10,001; 10,002; 10,003 అను మూడు సంఖ్యలకు దీనిని ప్రయోగించి చూడుడు. వర్గములు తొమ్మిది అంకెలవి, చివరి అంకెను సవరించినచో 10,00,20,000, 10,00,40,000, 10,00,60,010 అగును. వాటి మొత్తము 30,01,20,010. సంఖ్యల మొత్తము 30,006. దాని వర్గము, సవరించిన పిదప, 90,03,60,040. మూడవ వంతు, మరల సవరించినచో, 30,01,20,010. రెండింటికి భేదము సున్న! అనగా మూడు సంఖ్యలును సమానములని యంత్రము చెప్పుచున్నది. సగటునుండి విచలనములు తీసినచో −1, 0, 1. వాటి వర్గముల మొత్తము 2. రెండు పెద్ద సంఖ్యలు ఒకదానినొకటి కొట్టివేసికొనునపుడు, మనకు కావలసిన చిన్న భేదము సవరింపులో కొట్టుకొనిపోయినది.

కంప్యూటరు సామాన్యముగా పదునైదు, పదునారు అంకెలు నిలుపుకొనును గనుక ఈ దోషము అరుదుగా బయటపడును, కాని బయటపడకపోదు. 2003 కు పూర్వపు ఎక్సెలు కూర్పులు క్రమవిచలనమునకు ఈ దగ్గరి దారినే వాడినవి. సగటు మిక్కిలి పెద్దదై, భేదములు చిన్నవైన పట్టికలకు తప్పు జవాబులిచ్చినవి. 2003 కూర్పులో సూత్రమును మార్చినారు.

దీనికి ముందే 1967 లో జేమ్స్ లాంగ్లీ అను అమెరికా ప్రభుత్వోద్యోగి, వినియోగదారుని దృష్టితో కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించి ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసినాడు. 1947 నుండి 1962 వరకు పదునారు సంవత్సరముల ఆర్థికాంకములు, ఆరు కారణాంశములు: ఇంతే పట్టిక. ధరలు, జాతీయోత్పత్తి, జనాభా అన్నియు ఏటేట కలిసి పెరుగునవి గనుక ఒకదాని ప్రభావమును మరొకదానినుండి విడదీయుట కష్టము. చేతిలెక్కతో సరిచూచినపుడు ఆనాటి ప్రోగ్రాముల జవాబులు ఒకదానికొకటి చాలదూరముగా తేలినవి. ఆ పట్టిక నేటికిని ప్యాకేజీలకు ఒరగల్లుగా నిలిచియున్నది. అమెరికా ప్రమాణముల సంస్థ ఇట్టి పట్టికలను, నికరమైన జవాబులతో సహా, అందరికి ఉచితముగా అందించుచున్నది.

గుణకములు వేరైనను నిర్ణయమొక్కటి

మూడవ జాతి భేదము విచిత్రమైనది. పరిగి, హిందూపురము, పెనుకొండ అను మూడు చోట్ల సగటు దిగుబడులు వరుసగా 600, 650, 700 అనుకొందము. ఒక ప్యాకేజి మొదటి ఊరిని ఆధారముగా పెట్టుకొని "600, హిందూపురమునకు +50, పెనుకొండకు +100" అని ముద్రించును. 'ఆర్' పద్ధతి ఇది. ఎస్.ఏ.ఎస్. లోని ఒక ప్రసిద్ధ విధానము చివరి ఊరిని ఆధారముగా తీసికొని "700, పరిగికి −100, హిందూపురమునకు −50" అనును. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒక్క అంకెయు కలియదు. హిందూపురపు గుణకము ఒకచోట లాభము, మరొకచోట నష్టము! కాని హిందూపురమునకును పరిగికిని భేదమెంత అని అడుగుడు: అక్కడ 50 నుండి 0 తీసివేత, ఇక్కడ −50 నుండి −100 తీసివేత. రెండుచోట్లను 50.

ఈ సమాధానమునకు లోతైన పునాది వేసినవారిలో తెలుగువాడొకడు ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంకసంస్థలో కృషిచేసిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920–2023) 1962 లో సాధారణీకృత విలోమ మాత్రికను గణాంకసమస్యలకు అన్వయించి చూపినాడు. సమీకరణములకు ఒకే పరిష్కారము లేనపుడు ఏదో ఒకదానిని ఎంచుకొనక తప్పదు. కాని అంకెలనుండి నిజముగా తెలియదగిన రాశులకు, ఏ పరిష్కారమును ఎంచుకొన్నను జవాబు మారదు. మారుచున్నదనగా, ఆ రాశి ఈ అంకెలనుండి తెలియదగినది కాదని అర్థము. సి.ఆర్. రావు, సుజిత్ కుమార్ మిత్ర కలిసి 1971 లో ఈ విషయముపై ఒక గ్రంథమును ప్రకటించినారు. కాబట్టి రెండు ప్యాకేజీలు విభేదించినపుడు గుణకముల పట్టికలను గాక, మన అసలు ప్రశ్నకు అవి ఇచ్చిన జవాబులను పోల్చవలెను.

లోపమెవరిది?

ప్యాకేజీలు చేయువారి లోపము, వేరు సూత్రమును వాడుట కాదు. ఏ సూత్రము వాడినారో జవాబు ప్రక్కన చెప్పకుండుట. వివరణపుస్తకములలో వ్రాసియున్నదని వారందురు; నిజమే. కాని జవాబు ఒకచోట, షరతు మరొకచోట ఉన్నపుడు చదువరి జవాబునే చూచును. "క్రమవిచలనము 193.7 (భాజకము 9)" అని ముద్రించుటకు ఎంత స్థలము కావలెను?

పాఠ్యపుస్తకముల లోపమును తక్కువది కాదు. ఒక సూత్రమును ఇచ్చి, అది ఒక్కటే ఉన్నదన్నట్లు ఊరకుండుటచేత విద్యార్థి మొదటి భేదము ఎదురైనప్పుడే తడబడును. అధ్యాయము చివర "వేరు భాజకమును వాడువారును కలరు, కారణమిది" అని నాలుగు పంక్తులు చేర్చినచో చాలును.

మన లోపము మూడవది. రెండు జవాబులలో మనకు నచ్చినదానిని ఎంచుకొని రెండవదానిని దాచుట. బీమా లెక్కలో 29.2 ను ఒకరును, 30.8 ను మరొకరును ఇట్లే ఎంచుకొనవచ్చును. దీనికి మందు ఒక్కటే: సూత్రమును అంకెలు చూడకముందే నిర్ణయించి వ్రాసిపెట్టుట.

ఉపాధ్యాయులు ఈ పది దిగుబడులను తరగతిలో మూడు నాలుగు జట్లకు పంచి, చేతితోను, ఎక్సెలుతోను, 'ఆర్' తోను కట్టించి చూడవచ్చును. జవాబులు కలియనపుడు జట్లచేత ఈ ప్రశ్నలు అడిగించవలెను. ఇరువురి పట్టికలును ఒక్కటేనా? ఖాళీగా విడిచిన గడిని ఒకరు సున్నగా తీసికొనలేదు గదా? భాజకమేది, స్థానమును ఎట్లు ఎంచినారు? రెండు సూత్రములను చేతితో కట్టినపుడు ఆ రెండు జవాబులును తిరిగి వచ్చుచున్నవా? వచ్చినచో అది నిర్వచనభేదము. రానిచో తప్పును వెదుకవలెను. చివరగా, ఈ భేదముచేత మన నిర్ణయము మారునా, మారదా? మారనిచో ఒక జవాబును, దాని సూత్రమును వ్రాసి సాగిపోవచ్చును. మారుచున్నచో రెండు జవాబులను వ్రాసి చూపవలెను. 420 కిలోల పంట ఇంటికి తెచ్చుకొన్న రైతునకు ఆ రెండు అంకెలను చూచు హక్కు కలదు.